రెండు టైర్లా, నాలుగు టైర్లా?

పోయిన నెల పెండ్లి భోజనాల సంగతి వ్రాసినందుకు నలుగురు మెచ్చుకొన్నారు, నలభైమంది కోపగించుకొన్నారు. కనుక యీ నెల మన యిండ్ల జోలికి పోను. అమెరికాలో జరిగిన వొక కార్ల పందెం సంగతి చెబుతాను. అయితే ఆ పందెం తాలూకు లెక్క అరక్కోణంలో మా అక్కయ్యగారి యింటి వసారాలో తేలింది. మాట మళ్ళీ యింటికే వచ్చి చేరితే నా తప్పు కాదు.

మా బావగారిని మీలో చాలామంది యెరుగుదురు. యెరుగనివారికి రెండు మాటలు. మన వూరివైపు ఎమ్మారెఫ్ వారి ఫ్యాక్టరీలో టైర్లు తయారవుతాయని అందరికీ తెలిసినదే. బావగారు ముప్పైమూడేండ్లు టైర్ల పనిలోనే వుండి రిటైరయినారు. ఇప్పటికీ వీధిలో మోటారు సైకిలు ఆగితే ముందు మనిషిని గాదు, చక్రాన్ని పలకరిస్తారు. బొటనవ్రేలితో టైరు మీద వొకసారి రాసి, గాలి తక్కువగా వున్నది, యెడమవైపు యెక్కువ అరుగుతున్నది, సామాను యెక్కువ మోస్తున్నావు అని చెప్పేస్తారు. ఆ మోటారు సైకిలువాడు నోరు తెరచుకొని చూస్తాడు.

రెండేండ్లుగా ఆ బొటనవ్రేలికి పని యెక్కువైనది. కళ్ళు మసకబారినాయి. రెండు కళ్ళకూ పొర వచ్చి, కుడికంటిది బాగా ముదిరింది. పావుగంట పని, నొప్పి గూడా వుండదు అని డాక్టరు చెప్పినాడు. అక్కయ్య బ్రతిమాలింది, కూతురు ఏడ్చింది, నేను వాదించినాను. "చూడవలసినంత చూసినాను, యిక చాలు" అని బావగారు తేల్చివేసినారు. సంగతేమంటే, భయం. నలభైయేండ్ల క్రింద వారి తండ్రిగారికి కంటి ఆపరేషను చేయిస్తే వున్న చూపు గూడా నిలవలేదు. ఆ మాట వారు పైకి అనరు. మేమూ అనము. 2025లో దీపావళికి నాలుగు రోజుల ముందు వసారా మెట్టు కనిపించక పడి మోకాలు చెక్కుకొన్నారు. అప్పుడు గూడా తప్పు మెట్టుదే అయింది.

కూతురి కొడుకు వుద్యోగం అమెరికాలో, ఉత్తర కారొలైనా రాష్ట్రంలోని షార్లట్ పట్నంలో. 1856లో రాయపురం నుంచి ఆర్కాటు వైపు రైలు వేసిననాటి నుంచీ మన వూరికి రైలు యెట్లాగో, ఆ పట్నానికి కార్ల పందేలు అట్లాగ. పందెం కార్లు నడిపే జట్ల కార్ఖానాలు చాలావరకు ఆ చుట్టుపట్లనే వున్నాయట. 2010లో అక్కడ ఆ ఆటగాండ్ల కోసం వొక ఘనతమందిరమే కట్టించినారు. పిల్లవాడికి ఆ పిచ్చి తగులుకోవడం వింత గాదు. వాడు ఆ పిచ్చిని ఫోనులో తాతకు అంటించడం వింత. ప్రతి ఆదివారమూ క్షేమసమాచారాలు రెండు నిమిషాలు, టైర్ల సంగతి ముప్పావుగంట.

స్టాక్ కారు అంటే అంగడిలో అమ్మకానికి నిలవ వుంచిన కారు. కొన్న కారును కొన్నట్లే తెచ్చి పందెంలో దించాలన్నది మొదటి నియమం. నాస్కార్ అనే సంఘం 1948లో ఏర్పడినది. మరుసటి యేడు 1949 జూన్ 19న షార్లట్‌లోనే అటువంటి కార్లతో మొదటి పందెం పెట్టినారు. ముందుగా వచ్చినవాడు గ్లెన్ డనవే. తీరా కారు పరీక్షించి చూస్తే వెనుక స్ప్రింగులు గట్టిపరచి వున్నాయి. యెందుకంటే ఆ కారు దొంగసారా మోసిన కారు! బరువు వేసినా వెనుకభాగం క్రుంగకుండా, పోలీసులకు అనుమానం రాకుండా చేసిన యేర్పాటు అది. గెలుపు రద్దుచేసి, రెండవవాడైన జిమ్ రోపర్‌కు యిచ్చినారు. ఆ ఆటలో పేరుమోసినవారు కొందరు మొదట రాత్రిపూట సారా తోలి చేయి తిప్పుకొన్నవారే. మన జిల్లాలో సారా తోలినవాళ్ళకు పాపం అటువంటి యోగం పట్టలేదు. వేలూరు జైలు దాకానే వెళ్ళగలిగినారు.

ఇప్పటి పందెం కార్లకు అంగడి కార్లతో పేరు, ముఖం తప్ప చుట్టరికం లేదు. ఆ మాట అట్లా వుంచండి.

మన వైపు గూడా యీ సరదా కొత్తది గాదు. రెండవ ప్రపంచయుద్ధం నాటి విమానాల మైదానం షోలవరంలో మిగిలిపోతే, 1953లో పుట్టిన మద్రాసు మోటారు స్పోర్ట్స్ క్లబ్బువారు దానిమీద యేండ్ల తరబడి పందేలు నడిపినారు. పడుచుతనంలో నేనూ బావగారూ తెల్లవారుజాము బండికి మద్రాసు చేరి, అక్కడినుంచి రెడ్‌హిల్స్ దాటి బస్సులో వెళ్ళి, ఎండలో నిలబడి ఫియట్లూ హెరాల్డులూ మూలమలుపు తిరగడం చూచివచ్చినవాళ్ళమే. చెవులు రెండు రోజులు గింగురుమనేవి. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో అసలైన పందెపుబాట వచ్చింది. ఇక కోయంబత్తూరు నరేన్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్ నడపిన మొదటి భారతీయుడని అందరికీ తెలుసు. అతడే 2010 మార్చిలో వర్జీనియాలోని మార్టిన్స్‌విల్ వెళ్ళి నాస్కార్ వారి పికప్ ట్రక్కుల పందెం నడిపి 13వ స్థానంలో వచ్చినాడనీ, ఆ యేడు ఆ తరగతిలో ప్రజాభిమానం యెక్కువ పొందిన డ్రైవరుగా అతనినే యెన్నుకొన్నారనీ యెందరికి తెలుసు? నాకు మనవడు చెప్పేదాకా తెలియదు.

ఇప్పుడు అసలు సంగతి. నాస్కార్ పెద్ద తరగతిలో యేడాదికి 36 పందేలు. 2014 నుంచి 2025 దాకా వాళ్ళు పెట్టుకొన్న పద్ధతి యేమంటే, మొదటి 26 పందేల తరువాత 16 మందిని యేరుతారు. మూడేసి పందేలకు నలుగురు చొప్పున తీసివేస్తూ పోతే ఆఖరి పందేనికి నలుగురు మిగులుతారు. ఆ నలుగురికీ పాత లెక్కలన్నీ చెరిపి సమానం చేస్తారు. ఆ రోజు ఆ నలుగురిలో యెవడు ముందు వస్తే వాడే ఆ యేటి ఛాంపియను. యేడాదంతా తరగతిలో మొదటివాడుగా వున్న పిల్లవాడిని, చివరిరోజున వొకే వొక లెక్క యిచ్చి పరీక్షించినట్లు. నన్నడిగితే న్యాయం గాదు. కాని న్యాయంగా వుండే ఆట కోసం అర్ధరాత్రి యెవరు మేలుకొని కూర్చుంటారు?

2025 నవంబరు 2న అరిజోనాలోని ఫీనిక్స్‌లో ఆఖరి పందెం. మిగిలిన నలుగురు డెన్నీ హామ్లిన్, కైల్ లార్సన్, విలియం బైరన్, ఛేజ్ బ్రిస్కో. ఆ ముందు ఆదివారం మనవడు ఫోనుచేసి, "తాతా, పందెం వేస్తావా?" అన్నాడు.

"రూపాయల పందెం నేను వెయ్యను."

"రూపాయలు వద్దు తాతా. నేను గెలిస్తే నువ్వు కంటి ఆపరేషను చేయించుకోవాల. నువ్వు గెలిస్తే ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తను. అమ్మ గూడా ఎత్తదు, జేజి గూడా ఎత్తదు."

వసారాలో అందరమూ నిశ్శబ్దమైనాము. బావగారు అయిదు నిమిషాలు ఆలోచించి, సరే అన్నారు. యిల్లంతా వొక్కసారిగా నోరు మూసుకొనే వరం దొరుకుతున్నప్పుడు యే పెద్దమనిషి కాదనగలడు? అక్కయ్య నావైపు చూచి కళ్ళు తుడుచుకొన్నది.

బావగారు చెప్పిన పేరు హామ్లిన్. మనవడు చెప్పినది లార్సన్.

యెవరు గెలుస్తారని చెప్పడం విద్యా, అదృష్టమా అన్న వాదం మన రాజధానిలోనే పెద్ద కోర్టు దాకా పోయింది. గిండీ గుర్రప్పందేల విషయంలో, మద్రాసు రేస్ క్లబ్బు తరఫు వ్యాజ్యంలో, గుర్రప్పందెం ముఖ్యంగా నైపుణ్యం మీద నడిచేదేగాని వట్టి అదృష్టం మీద నడిచేది గాదని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మన వేలూరు, గుడియాత్తం పల్లెలలో సంక్రాంతి తరువాత జరిగే ఎరుదు విడుం విళా చూచినవారికి ఆ సంగతి కోర్టు చెప్పనక్కరలేదు. వీధికి రెండువైపులా కట్టెలు కట్టి, ఎద్దును వొక్కొక్కదానినే విడిచి, యెంత సమయంలో హద్దు దాటిందో గడియారం పెట్టి చూస్తారు. తక్కువ సమయం పట్టిన ఎద్దుకు బహుమానం. ఫలానా వూరి ఎద్దు యీసారి కొడుతుంది అని చెప్పే ముసలివాళ్ళు వున్నారు. వాళ్ళు ఎద్దు డెక్కలూ, డొక్కలూ, అంతకుముందు వారం అది పరుగెత్తిన తీరూ చూచి చెబుతారు. పదిసార్లలో ఆరుసార్లు నిజమవుతుంది.

కాని ఎద్దు వొంటరిగా పరుగెత్తుతుంది. కారు అట్లా గాదు. మంది నడుమ పరుగెత్తాలి, నడుమ ఆగి టైర్లు మార్చుకోవాలి, యెవడో గోడకు గుద్దితే పసుపుజండా చూపుతారు, అప్పుడు అందరూ మెల్లగా వొకరి వెనుక వొకరు చేరవలసినదే. ముందున్నవాడు గంటసేపు కష్టపడి సంపాదించిన దూరం ఆ జండాతో సున్న.

అందుకే ఆ దేశంలో జోస్యాలు చెప్పేవారు బోర్ల పడుతూనే వుంటారు. 2024లో జోయీ లొగానో అనేవాడు నడుమనే తొలగిపోయినట్లు లెక్క తేలింది. తీరా ఇంకొకని కారు తూకం తక్కువ వచ్చి వాడిని తీసివేస్తే, లొగానో తిరిగి వచ్చి చేరి, ఛాంపియన్ అయి కూర్చున్నాడు. 2011లో అప్పటి పద్ధతి వేరు, పాయింట్లు కూడేవారు. ఆఖరి పందెం అయ్యేసరికి టోనీ స్టూఅర్ట్‌కూ కార్ల్ ఎడ్వర్డ్స్‌కూ సరిగ్గా 2403, 2403! గెలిచిన పందేలు యెక్కువ వున్నాయని స్టూఅర్ట్‌కు యిచ్చినారు.

అన్నిటికంటె నాకు నచ్చిన కథ 1992 నాటిది. ఆలన్ కుల్వికీ అని మెకానికల్ ఇంజనీరింగు చదివినవాడు. తన జట్టుకు తానే యజమాని. పెద్దజట్ల ముందు పేదవాడే. ఆరు పందేలు మిగిలి వుండగా 278 పాయింట్లు వెనుకబడినాడు. అతని పేరు చెప్పినవాడు లేడు. నవంబరు 15న అట్లాంటాలో ఆఖరి పందేనికి ఆరుగురికి ఆశ వున్నది. ముందున్న డేవీ ఆలిసన్ వేరొక కారు అడ్డుపడి ప్రమాదంలో పోయినాడు. మిగిలినది కుల్వికీ, బిల్ ఎలియట్. యెక్కువ చుట్లు ముందున్నవాడికి అయిదు పాయింట్లు అదనం. కుల్వికీ జట్టువారు కాగితం మీద లెక్కవేసి, సరిగ్గా ఆ అదనం దక్కేదాకా కారును లోపలికి రానివ్వలేదు. పందెం ఎలియటే గెలిచినాడు. కాని అతడు ముందున్నది 102 చుట్లు, కుల్వికీ ముందున్నది 103 చుట్లు. ఆ వొక్క చుట్టుతో, మొత్తం మీద 10 పాయింట్ల తేడాతో, యేటి ఛాంపియన్ కుల్వికీ. పాపం, నాలుగున్నర నెలలకు, 1993 ఏప్రిల్ 1న, విమాన ప్రమాదంలో పోయినాడు.

ఇదంతా నేను బావగారికి చదివి వినిపించినాను. వారు కదలలేదు. "హామ్లిన్ 2005 నుంచి తిరుగుతున్నాడు. అరవై పందేలు గెలిచినాడు. ఛాంపియన్ కాకుండా అన్ని గెలిచినవాడు ఇంకొకడు లేడంటున్నావే. వానికి రావాల" అన్నారు. ఇది జోస్యం గాదు, జాలి. జోస్యం చెప్పేవారు పడే గుంటలలో యిదే పెద్దది. అయితే హామ్లిన్ ముందువరుసలో మొదటిస్థానం గూడా సంపాదించినాడు గనుక జాలికి కొంత ఆధారం వుండినది. ఆ తరువాత వారు ఇంకొక మాట అన్నారు. "మైలు చుట్టు. ఎప్పుడూ ఎడమకే తిరగాల. బరువంతా పోయి కుడిపక్క టైర్ల మీద పడుతుంది. ఎవురు గెలిచినా ఓడినా టైరు కాడే తేలుతుంది, చూడు." ఆ మాటను నేను క్యాలెండరు కాగితం వెనుక వ్రాసిపెట్టినాను. మనవడు తప్పుకొంటాడేమోనని గాదు, బావగారు తప్పుకొంటారేమోనని.

మనకు సోమవారం రాత్రి వొంటిగంటన్నర దాటినాక మొదలైనది. బావగారికి బొమ్మ కనబడదు గనుక పడకకుర్చీలో కళ్ళు మూసుకొని కూర్చున్నారు. మనవడు ఫోనులో చెబుతున్నాడు. పూర్వం రేడియోలో క్రికెట్టు విన్నట్లే వున్నది. తమిళమూ ఇంగ్లీషూ కలిసిన మన అరక్కోణం తెలుగులో వాడు చెబుతుంటే, అమెరికావాడి పందెం మన సంత వీధిలో జరుగుతున్నట్లనిపించింది.

హామ్లిన్ దుమ్ము లేపినాడు. 319 చుట్లలో 208 చుట్లు తానే ముందు. లార్సన్ ఆ రోజంతా వొక్క చుట్టయినా ముందున్న పాపాన పోలేదు. నాలుగున్నర దాటి, అయిదు కావస్తుండగా, ఇంక మూడే చుట్లు. హామ్లిన్ ముందున్నాడు. మనవడి గొంతు సన్నబడింది. బావగారు కళ్ళు తెరవకుండానే, "కాఫీ పెట్టవే" అన్నారు అక్కయ్యతో. అక్కయ్య లేవలేదు. ఆమె ముఖం చూడలేక నేను వీధివైపు తిరిగినాను.

అప్పుడు బైరన్ కారు టైరు పోయి గోడకు తగిలింది. పసుపుజండా.

అందరూ లోపలికి వచ్చినారు. ఇక్కడే ఆ పది సెకన్ల ప్రశ్న. నాలుగు టైర్లూ మార్చితే పట్టు బాగా వుంటుంది, కాని సమయం యెక్కువ పట్టి నాలుగైదు కార్ల వెనుక పడతారు. రెండే మార్చితే పట్టు తక్కువ, కాని ముందు నిలుస్తారు. మిగిలినది రెండు చుట్ల పరుగు. హామ్లిన్ జట్టువారు నాలుగు మార్చినారు. లార్సన్ జట్టువారు రెండు మార్చినారు. మనవడు ఆ మాట చెప్పగానే బావగారు కళ్ళు తెరచి, కనబడని గోడవైపు చూస్తూ, "నాలుగా? రెండు చుట్లకు నాలుగెందుకురా? దాటేదానికి చోటేదిరా?" అన్నారు. అన్నాక గాని తమ పందెం యెవరిమీదనో జ్ఞాపకం రాలేదు.

పందెం గెలిచినవాడు రయన్ బ్లేనీ, ఆ నలుగురిలో లేనివాడు. లార్సన్ మూడవవాడుగా వచ్చినాడు, హామ్లిన్ ఆరవవాడుగా. ఛాంపియన్ లార్సన్. 2021 తరువాత అది అతనికి రెండవసారి.

ఫోనులో మనవడు గెలిచినందుకు కేకవేయలేదు. "తాతా," అన్నాడు, అంతే. బావగారు చాలాసేపటికి, "టైరు కాడే తేలుతుందని చెప్పినా గదా" అన్నారు. నిజమే, చెప్పినారు. పేరు తప్పినారు గాని కారణం తప్పలేదు. టైరు పోవడంతోనే పందెం ఆగింది, టైర్ల లెక్కతోనే తేలింది. కారణం సరిగ్గా చెప్పగలిగినవాడు పేరు తప్పడమేమిటని నేను ఆ రోజంతా ఆలోచించినాను. ఆ పందేన్ని నిర్ణయించేది టైరు అని తెలిసినా, యే కారుది, యెన్నో చుట్టులో, అప్పుడు యెవరి బుర్ర యెటు పోతుంది అన్నవి ముందుగా యే బొటనవ్రేలికీ అందవు గదా.

పెద్దమనిషి మాట తప్పలేదు. డిసెంబరులో వేలూరులో కుడికంటికి ఆపరేషను అయినది. పోయేటప్పుడు రైలులో వొక్కమాట మాట్లాడలేదు. అక్కయ్య చేయి మాత్రం వాలాజారోడ్డు దాకా విడువలేదు. మరునాడు కట్టు విప్పితే మొదట ఆమెను చూచి, "యెప్పుడింత తెల్లబడినావే జుట్టు?" అన్నారు. నాలుగు రోజులకు ఆ పందెం ఆఖరి భాగం టీవీలో వేయించుకొని, ముక్కు ఆనించకుండా, కుర్చీలో వెనక్కు వాలి చూచినారు. హామ్లిన్ కారు మీద చూపు నిలిపి, ఇంకొక పది చుట్లు మిగిలివుంటే ఆ నాలుగు టైర్లే గెలిపించి వుండేవని మాకందరికీ వివరించినారు. ఓడినవాడి పక్షం యింకా విడిచిపెట్టలేదు.

2026 జనవరిలో నాస్కార్ వారు ఆ వొక్కరోజు పద్ధతి తీసివేస్తున్నామనీ, ఆఖరి పది పందేల పాయింట్లు కూడి ఛాంపియనును తేల్చుతామనీ ప్రకటించినారు. ఆఖరి పందెం గూడా ఫీనిక్స్‌లో గాక ఫ్లారిడాలోని హోమ్‌స్టెడ్‌లో అట. మనవడు ఆ సంగతి చెప్పి, "ఇప్పుడైతే నీ హామ్లిన్‌కు మేలే తాతా" అన్నాడు. బావగారు ఆ మాట పట్టించుకోలేదు. అసలు చిక్కు వేరే వచ్చింది. రెండవ కంటికి గూడా సంక్రాంతి కాగానే చేసివేద్దామని డాక్టరు చెప్పి పంపినాడు. బావగారు వినలేదు.

"రెండు టైర్లు చాల్లే ఇప్పటికి" అన్నారు.

మనవడు కొత్త పందెం కట్టడానికి పేర్లు యేరుతున్నాడు.